మైకులో చెప్పిన అంకె

ఆ అంకెను ఇక్కడ కూడా రాయను. మా ఆయన అప్పుడున్న జాగా పేరు కూడా రాయను. అవి తెలియకపోయినా జరిగింది అర్థమవుతుంది. ఒకసారి నోటితో చెప్పి పడ్డ భయం చాలు, కాగితం మీద పెట్టి రెండోసారి పడలేను.

నేను మెదక్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్తాను. మా ఆయన ఫౌజులో హవల్దార్. మా బిడ్డ అప్పుడు నా స్కూల్లోనే తొమ్మిదో తరగతి చదివేది. చర్చి వెనక సందులో ఒక కిరాయి ఇంట్లో మేమిద్దరమే ఉండేవాళ్లం. అత్తమ్మ పాపన్నపేట దగ్గర ఊళ్లో రెండెకరాల వరి చూసుకునేది. మా దగ్గరికి రమ్మంటే, "గా అగ్గిపెట్టెల నాకు ఊపిరాడదు" అనేది. ప్రతి ఆదివారం మా ఆయన ఫోన్ చేసేవాడు. ఆ ఏడు శివరాత్రికి సెలవు పెట్టుకొని వస్తానని, అందరం కలిసి ఏడుపాయల జాతరకు పోదామని మాటిచ్చాడు. అంతకు ముందు రెండేళ్లు కూడా ఇదే మాట ఇచ్చాడు కాబట్టి నేను సగమే నమ్మాను. కానీ ఆ సగం నమ్మకంతోనే కొత్త చీర కొన్నాను.

మా ప్రిన్సిపాల్ సార్‌కు పేపర్ పిచ్చి. ఢిల్లీలో బడ్జెట్ పెట్టిన మర్నాడు, పేపర్ చంకలో పెట్టుకొని ప్రేయర్‌కు వచ్చాడు. హైస్కూలు పిల్లలకు డిబేట్ అన్నాడు. అంశం, పెద్ద సైన్యాన్ని పోషించడం బడ్జెట్‌కు భారమా, కాదా. ఎవరికిష్టమైన పక్షం వాళ్లు తీసుకుంటే అందరూ "కాదు" అనే అంటారని ఆయనకు తెలుసు. అందుకని స్టీలు టిఫిన్ డబ్బాలో చీటీలు వేసి తీయించాడు. మా బిడ్డకు "భారమే" అని వచ్చింది.

సాయంత్రం ఇంటికి వచ్చి బ్యాగు మంచం మీదికి విసిరేసింది.

"నేను మాట్లాడ మమ్మీ. డాడీ ఫౌజ్‌ల ఉండంగ ఫౌజ్ దండుగ అని నేనెట్ల చెప్పాలె? అందరు నవ్వుతరు."

"దండుగ అని ఎవరన్నరే? భారం అన్నరు."

"రెండు ఒకటే గద!"

పదిహేనేళ్లుగా పాఠాలు చెప్తున్నదాన్ని అయినా, "ఆదివారం మీ డాడీనే అడుగు" అని తప్పించుకున్నాను.

ఆదివారం ఫోన్ రాగానే స్పీకర్ పెట్టి ఫిర్యాదు మొదలుపెట్టింది. నేను పక్కనే కూర్చొని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. ఆయన బాధపడతాడనుకుంటే పడీ పడీ నవ్వాడు.

"అరె, గదే మంచి సైడ్ బిడ్డా! నోట్‌బుక్ తెచ్చుకో, నేను చెప్త రాస్కో. ఫౌజ్ ఎంత పెద్దగుంటే గన్ని కడుపులు, గన్ని జతల బూట్లు, గన్ని కంబళ్లు. ఇప్పుడు నేను చాయ్ తాగాలంటే ముందుగాల మంచు కరగవెట్టాలె. మంచు కరగాలంటే కిరసనాయిల్ కావాలె. గా డబ్బా కొంత దూరం ట్రక్కుల వస్తది, ఆడికెల్లి కంచరగాడిద మీద వస్తది, ఆడికెల్లి మనిషి ఈపు మీద వస్తది. ట్రక్కుకు డీజిల్, గాడిదకు దాణా, మనిషికి జీతం. మీ డాడీ పొద్దుగాల తాగే ఒక్క కప్పు చాయ్ ఎంతల పడ్డదో ఏ మంత్రి కూడా చెప్పలేడు."

బిడ్డ కిసుక్కున నవ్వి రాసుకుంది. "ఇంకా చెప్పు డాడీ."

"ఇంకేంది, జీతం. జీతం అయిపోయినంక పింఛన్. నేను సచ్చినంక మీ మమ్మీకి పింఛన్. బడ్జెట్‌ల వచ్చిన పైసలు చానామట్టుకు గీటికే పోతే, కొత్త తుపాకులు, కొత్త ఇమానాలు ఏం వెట్టి కొనాలె? మంది ఎక్కువైనకొద్ది సామాను తక్కువైతది. గిది మెయిన్ పాయింట్. కింద గీత గియ్యి."

"థూ, నీ నోట్ల మన్నువడ! ఆదివారం పూట గా సచ్చుడు ముచ్చట ఎందుకయ్యా?" అన్నాను.

"లెక్క చెప్తున్ననే. లెక్కకు భయపడితె ఎట్ల?"

"నీ లెక్కలు నాకొద్దు. జాతరకు టికెట్ తీసినవా లేదా, గది చెప్పు."

గాలి చప్పుడు మాత్రమే వినిపించింది. ఆ గాలితోనే నాకు విషయం తెలిసిపోయింది.

"లీవ్ కాలే" అన్నాడు.

అప్పుడు నేను నోరు మూసుకొని ఉంటే ఇదంతా జరిగేది కాదు. నాకా బుద్ధి లేదు. మూడేళ్ల కోపం ఒక్కసారే తీశాను. మీ అమ్మకు ఏం చెప్పాలె, నేను కొన్న చీర ఎవరికి చూపియ్యాలె, దేశంల ఇంకెవ్వరు లేనట్టు నువ్వొక్కనివే కావల్నా, అని అరిచాను. ఆయనకూ కోపం వచ్చింది. మామూలుగా రాదు. వస్తే ఆగదు.

"భర్తీలు ఎన్కవడ్డయి, పాతోళ్లు రిటైరై ఇండ్లకు పోతున్రు! మా పోస్టు కాడ ఇంతమంది ఉండాలె, గింతమందిమే ఉన్నం. నేను దిగొస్తె నా డ్యూటీ ఎవడు చెయ్యాలె, మీ అయ్య వచ్చి చేస్తడా?"

"ఇంత" అనీ "గింత" అనీ నేను రాస్తున్నాను. ఆయన అంకెలే చెప్పాడు. ఆ ఊపులోనే జాగా పేరు కూడా అన్నాడు. ఎప్పుడూ అనేవాడు కాదు. ఫోన్ స్పీకర్ మీద ఉంది, బిడ్డ చేతిలో పెన్ను ఉంది.

మా అయ్య పేరెత్తినందుకు నేను ఫోన్ పెట్టేశాను. ఆ రోజంతా ఆ మాటే నన్ను తిన్నది, మిగతాది నా తలకెక్కలేదు.

క్లాసులో పిల్లలకు నేనెప్పుడూ చెప్పేది ఒకటుంది. ఉదాహరణ లేని పాయింట్ ఉప్పు లేని పప్పు లాంటిది, ఎవరి నాలుకకూ అంటదు అని. సోమవారం మా బిడ్డ రాసుకున్న ప్రసంగం దిద్దడానికి కూర్చున్నాను. అంతా బాగానే ఉంది గానీ చివర చప్పగా ఉంది. పేజీ మూలన పొడి పొడిగా ఆ అంకెలు, ఆ పేరు రాసి పెట్టుకుంది. చూడగానే నా ముఖం వెలిగిపోయింది. ఇంతకంటే మంచి ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది? పెన్ను తీసుకొని నేనే రాశాను. "సైన్యం బడ్జెట్‌కు భారమే. అందుకే ఖర్చు తగ్గించాలన్నారు, తగ్గించారు. ఫలానా చోట మా నాన్నతో కలిపి ఇంతమంది ఉండాలి, ఉన్నది ఇంతమందే. బడ్జెట్ మీది నుంచి దించిన బరువు ఎక్కడికీ పోలేదు. ఉన్నవాళ్ల భుజాల మీదికి వచ్చింది."

"మమ్మీ, డాడీ ఉండే ఊరి పేరు చెప్పొచ్చా?" అని అడిగింది బిడ్డ. అవును, అడిగింది. తొమ్మిదో తరగతి పిల్లకు వచ్చిన అనుమానం నాకు రాలేదు.

"పేరు లేకపోతె నమ్ముతరా ఎవరన్న? చెప్పు" అన్నాను.

డిబేట్ నాడు ముఖ్య అతిథిగా మా సందులోనే ఉండే రిటైర్డ్ సుబేదార్‌ను పిలిచారు. ఇప్పుడు ఒక బ్యాంకు దగ్గర గార్డుగా చేస్తున్నాడు. తెల్ల మీసాలు, ఇస్త్రీ చొక్కా, వీపు వంగని మనిషి. స్టేజీ మీద కుర్చీలో కూర్చొని పిల్లలందరికీ చప్పట్లు కొడుతున్నాడు. మా బిడ్డ వంతు వచ్చింది. చాయ్ కప్పు సంగతి చెప్తే అందరూ నవ్వారు. చివరి మాటలు చెప్పినప్పుడు ఎనిమిదో తరగతి ఆడపిల్లలు కళ్లు తుడుచుకున్నారు. టీచర్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. సుబేదార్ సార్ ఒక్కడే కొట్టలేదు. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకొని అట్లాగే చూస్తున్నాడు. ముసలాయనకు ఆడపిల్ల మాట్లాడితే ఓర్వలేదు కాబోలు అని మనసులో నాలుగు తిట్టుకున్నాను. ఫస్ట్ ప్రైజ్ మాదే. కంప్యూటర్ సార్ అంతా వీడియో తీశాడు. మేం ఇల్లు చేరకముందే అది స్కూలు పేజీలో, పేరెంట్స్ గ్రూపులో, ప్రిన్సిపాల్ సార్ స్టేటస్‌లో ఉంది.

ఎండ ఇంకా దిగకముందే సుబేదార్ సార్ మా గేటు దగ్గర నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"బిడ్డా, మీ ఆయనది ఏ యూనిట్?"

చెప్పాను. గర్వంగానే చెప్పాను.

ఆయన అరచేత్తో నుదురు కొట్టుకున్నాడు. "అడగంగనే చెప్పినవ్. రేపు ఇంకోడు అడిగితె గిట్లనే చెప్తవ్ గద?"

"ఏమైంది సార్?"

"బిడ్డ మైకుల అంకె చెప్పిందమ్మా. మనకు గది అంకెనే. అవతలోనికి గదే కావాలె. మనోళ్లు ఎంతమంది ఉన్నరో తెలిస్తే, వాడు ఎంతమందితోని రావాలెనో తెలుస్తది. జాగా పేరు కూడా మీరే చెప్తిరి. ముందుగాల గా వీడియో తీసేయించుండ్రి. నడువుండ్రి, నడువుండ్రి."

గేటు ఊచ పట్టుకొని నిలబడ్డాను. మంచులో ఒక గుడారం, దానిలో ఆ లెక్కన మనుషులు, చీకట్లో వాళ్లవైపు ఎక్కివస్తున్న ఇంకో లెక్క మనుషులు, అదంతా కళ్ల ముందు కనిపించింది. వాళ్లకు దారి చూపించింది నా చేతిరాత. ఇంకొకటి కూడా సుబేదార్ సారే చెప్పాడు. ఇది పైకి తెలిస్తే మా ఆయన మీద విచారణ పెడతారు. ఆ ఏడే ఆయనకు నాయబ్ సుబేదార్ ప్రమోషన్ రావాల్సి ఉంది. వస్తే ఇంకొన్నేళ్ల నౌకరి, పెద్ద పింఛను. రాకపోతే ఉన్న హోదాలోనే ఇంటికి. విచారణలో ఇంకేదైనా తేలితే ఆ నౌకరి కూడా ఉండదు.

ప్రిన్సిపాల్ సార్ చేగుంటలో ఏదో పెళ్లికి పోయాడు. ఫోన్ చేస్తే బ్యాండు మోతలో ఏం వినిపించక, "థ్యాంక్యూ మేడం, థ్యాంక్యూ" అంటాడు. నేను పొగుడుతున్నాననుకున్నాడు. కంప్యూటర్ సార్ ఇంటికి పరిగెత్తాను. "మస్తు లైకులొచ్చినయ్ మేడం, తీసుడెందుకు?" అన్నాడు గానీ, నా ముఖం చూసి మారుమాట లేకుండా తీసేశాడు. అప్పటికే చౌరస్తా దగ్గర మొబైల్ షాపులో కూర్చొని లోకల్ వార్తల ఛానెల్ నడిపే ఒకాయన దాన్ని ఎత్తుకొని, పైన ఎర్రక్షరాలతో పేరు పెట్టి వదిలాడు.

"అన్నా, నీ కాళ్లు మొక్కుత, తీసెయ్" అన్నాను.

"అయ్యో, ఏందక్కా! మీ బిడ్డకు మంచిపేరు వస్తుంటె..."

"పేరొద్దు, ఏమొద్దు. నా మొగడు ఇంటికొస్తె చాలు."

ఎందుకో అప్పుడే ఏడుపొచ్చింది. షాపులో రీచార్జి కోసం వచ్చినవాళ్లు తిరిగి చూశారు. ఆయన భయపడి నా ఎదుటే తీసేశాడు. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నానో లేదో, నా ఫోన్ మోగింది. నిజాంపేట నుంచి మా చెల్లె, అదే వీడియోను పూలబొమ్మలు పెట్టి నాకు పంపింది. వెనకే మా ఆడబిడ్డ పంపింది. దాని వెనక నేను ఎప్పుడో చదివించిన ఒక విద్యార్థి. చేతులు కాలినాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ మెట్ల మీద తెలిసింది. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి తీసెయ్యమన్నాను. తీసేస్తామన్నారు. వాళ్లు ఎవరెవరికి పంపారో వాళ్లకే గుర్తులేదు.

ఆ ఆదివారం ఫోన్ రాలేదు.

మంచు పడితే లైన్లు పోతాయి. ఇంతకు ముందూ రెండు మూడుసార్లు అట్లా జరిగింది. ఆ సంగతి నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నా లోపల రాయి కదల్లేదు. సందులో బండి ఆగితే గుండె ఆగేది. స్కూల్లో ప్యూన్ నా క్లాసు వైపు నడిచివస్తే చాక్‌పీసు చేతిలోంచి జారిపోయేది. అన్నం మాడబెట్టాను, ఒకరి పరీక్ష పేపర్ మీద ఇంకొకరి మార్కులు వేశాను. అత్తమ్మ ఫోన్ చేసి, "నా కొడుకు ఫోన్ చేసిండా?" అని అడిగితే, "చేసిండు, మంచిగున్నడు" అని అబద్ధం చెప్పాను. ఆమె సంబరంగా, మనుమరాలి వీడియో ఊళ్లో అందరి ఫోన్లలో ఉందని, ఆశ వర్కర్ కూడా చూసిందని చెప్పింది. దాన్ని తీసెయ్యమని ఆమెకెట్లా చెప్పాలో తెలియక ఫోన్ పెట్టేశాను.

శనివారం ఒంటిపూట బడి. మధ్యాహ్నం వెనక దండెం మీద బట్టలు ఆరేస్తున్నాను. లోపల బిడ్డ ఎవరితోనో హిందీలో మాట్లాడుతోంది. "జీ అంకుల్... నహీ అంకుల్..." మొదట పట్టించుకోలేదు. మా ఇంట్లో హిందీలో మాట్లాడేవాళ్లెవరున్నారు అన్న ఆలోచన రాగానే తడిచీర కిందపడేసి పరిగెత్తాను. ఫోన్ లాక్కున్నాను.

మగగొంతు. ఎంత తియ్యగా ఉందో! ఫౌజు రికార్డు ఆఫీసు నుంచి అన్నాడు, మా నంబర్ స్కూల్లో తీసుకున్నానన్నాడు. పాప ప్రసంగం పెద్ద సాబ్‌కు చాలా నచ్చిందట. బహుమతి పంపాలట, జవాను సెలవు కేసు కూడా చూస్తారట. కాబట్టి ఆయన ఎన్నాళ్లుగా ఆ పోస్టులో ఉన్నాడో, తర్వాతి బదిలీ బృందం ఎప్పుడు పైకి పోతుందో చెప్పమన్నాడు. సెలవు అన్న మాట వినగానే, సిగ్గు విడిచి చెప్తున్నాను, నా నోట్లో జవాబు తయారైంది. నాలుక దాకా వచ్చింది. ఎట్లా ఆగిందో తెలియదు. ఫోన్ కట్ చేశాను. వెంటనే మళ్లీ మోగింది. మోగుతూనే ఉంది.

"ఏం చెప్పినవే? ఏం చెప్పినవ్ గా అంకుల్‌కు?"

"ఏం చెప్పలే మమ్మీ... డాడీ జాతరకు వస్త అన్నడు, లీవ్ దొరకలే అని చెప్పిన. మంది తక్కువున్నరు అని చెప్పిన. గంతే."

కొట్టాను. పుట్టినప్పటి నుంచి దాని మీద చెయ్యి ఎత్తలేదు, ఆ రోజు చెంప మీద కొట్టాను. అది ఏడవలేదు. నన్ను అట్లా చూస్తూ నిలబడింది. "నువ్వే గద చెప్పమన్నవ్" అంది. ఆ మాట నిజం. వంద తిట్లు తిట్టినా నాకంత తగిలేది కాదు.

బిడ్డను వెంటబెట్టుకొని సుబేదార్ సార్ ఇంటికి పోయాను. ఆయన అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుతున్నాడు. అంతా విన్నాడు. బూటు లేసు చేతిలోనే ఉంది.

"నిజంగ ఆఫీసోడే కావొచ్చు కదా సార్?" అన్నాను, ఆశ చావక.

"ఆఫీసోనికి మీ ఆయన ఎన్నాళ్లకెల్లి ఆడున్నడో మిమ్మల్ని అడిగే పనేంది? వాళ్ల కాయితంల ఉండదా?"

ఆయన ఆ బూటు పక్కన పెట్టాడు. తర్వాత చెప్పాడు. "ఇగ రెండే తొవ్వలున్నయ్ బిడ్డా. ఫోన్ వచ్చిన సంగతి పైకి చెప్తె, వీడియో సంగతి కూడ చెప్పాలె. మీ ఆయన మీద పడ్తది. ప్రమోషన్ ఆశ ఇడిచిపెట్టాలె. చెప్పకపోతె ఎవ్వనికీ తెల్వకపోవచ్చు, మీ ఆయన నౌకరి ఎట్లున్నది గట్లనే ఉండొచ్చు. కాని వాడు ఇంకో ఇంటికి ఫోన్ చేస్తడు. ఆడనుంచి ఇంకో ముక్క తీస్తడు. నేనైతె చెప్పమనను, వద్దనను. నౌకరి నీ మొగనిది."

నాకు పెద్ద మాటలు రావు. దేశం కోసం ఆలోచించానని చెప్తే అబద్ధం. నేను ఆలోచించింది ఆ గుడారం గురించే. మా ఆయన ఒక్కడే లేడు కదా అందులో. తక్కినవాళ్ల పెళ్లాలు ఎక్కడెక్కడ చిక్కుడుకాయలు ఒలుస్తూ ఆదివారం కోసం చూస్తున్నారో. వాళ్లకు నా బిడ్డ వీడియో సంగతి కూడా తెలియదు. ఇంకో వైపు మా ఆయన ముఖం. హవల్దార్‌గా దిగిపోనని, భుజం మీద నక్షత్రం పెట్టుకొని అత్తమ్మ ముందు నిలబడతానని ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. ఇరవై ఏళ్లు దాని కోసమే మంచు తిన్నాడు. దాన్ని నేను ఆయన్ను అడగకుండా, ఆయనకు చెప్పకుండా ఇచ్చేయాలి. అడుగుదామంటే ఫోన్ కలవదు. కలిసినా ఫోన్‌లో చెప్పే సంగతి కాదు.

"పైకి చెప్పుండ్రి సార్" అన్నాను.

ఆయన కాగితం ఇచ్చాడు. ఫోన్ ఎప్పుడొచ్చింది, ఏ నంబర్, వాడేం అడిగాడు, బిడ్డ ఏం చెప్పింది, స్కూల్లో ఏం చెప్పింది, ఆ వాక్యం ఎవరు రాశారు, అన్నీ రాశాను. రాసింది నేనే అని రెండుసార్లు రాశాను. ఆయన దాన్ని తనకు తెలిసిన పాత ఆఫీసర్ ద్వారా చేరాల్సిన చోటికి చేర్చాడు. ఆ ఫోన్ చేసినవాడు ఎవడో నాకు ఈనాటికీ తెలియదు. నన్ను ఒకసారి పిలిపించి అడిగారు, ఫోన్ చూశారు, తిరిగి ఇచ్చారు. అంతకుమించి ఎవరూ ఏమీ చెప్పలేదు.

శివరాత్రి వచ్చి పోయింది. అత్తమ్మ పక్కింటివాళ్లతో జాతరకు పోయి మాకు ప్రసాదం పంపింది. కొత్త చీర బీరువాలోంచి తీయలేదు. రెండో ఆదివారమూ ఫోన్ రాలేదు. మూడోదీ రాలేదు. స్కూల్లో నేను పాఠం చెప్తుంటే మా బిడ్డ చివరి బెంచీలో కూర్చొని కిటికీ బయటికి చూసేది. ప్రశ్న అడిగితే నిలబడేది గానీ నోరు విప్పేది కాదు. తెలుగు టీచర్ వచ్చి, "మేడం, గింత మంచిగ మాట్లాడే పిల్లకు ఏమైంది?" అని అడిగింది. పరీక్షల భయం అని చెప్పాను.

ఆయన ఫోన్ ఒక సోమవారం పొద్దున, స్కూలుకు పోతూ ఇంటికి తాళం వేస్తుండగా వచ్చింది. గొంతు వినగానే తాళం వదిలేసి గుమ్మంలో కూర్చున్నాను. బతికున్నాడు. కాసేపు వేరే ఏ మాటా చెవికెక్కలేదు.

"కిందికి పిలిపించిన్రు" అన్నాడు. "సాబ్ వీడియో రెండుసార్లు చూసిండు. బిడ్డ మంచిగనే మాట్లాడింది అన్నడు. గా మాట అనుకుంటనే కాయితం మీద సంతకం తీస్కుండు."

"ఏం కాయితం?"

"రెడ్ ఎంట్రీ, శిక్ష. రికార్డుల పడ్డది. ఇగ ఈ ఏడు ప్రమోషన్ లేదు. టైమ్ కాంగనే ఇంటికే. లీవ్ సంగతి ఇప్పుడు అడగను కూడ అడగద్దు." కొంచెం ఆగి, "నేను నోరు జారిన, నేను ఒప్పుకున్న. కాని ఫోన్ సంగతి పైకి చెప్పింది ఎవరో సమజ్ అయితలేదు. ఎవరో మన మెదక్‌కెల్లే రాసిన్రట."

చెప్పకుండా ఉండొచ్చు. ఆయనకు ఎన్నటికీ తెలిసేది కాదు. ఎదురుగా బిడ్డ బ్యాగు భుజాన వేసుకొని నిలబడి నన్నే చూస్తోంది.

"నేనే రాసిన" అన్నాను.

గాలి చప్పుడు. తిడతాడా, పెట్టేస్తాడా, ఇంక ఎప్పటికీ ఫోన్ చేయడా.

"నువ్వు రాసినంక ఇక్కడ చానా మార్చిన్రు" అన్నాడు చివరికి. "ఏం మార్చిన్రో చెప్ప. మంచిగ చేసినవ్." వెంటనే మాట మార్చాడు. "బిడ్డకియ్యి ఫోన్."

ఇచ్చాను. స్పీకర్ ఆపేసి ఇచ్చాను. అయినా ఆయన గొంతు సన్నగా వినిపిస్తూనే ఉంది. "ఏమమ్మా, ఫస్ట్ ప్రైజ్ తెచ్చినవట గద! నాకు చెప్పనే లేదు. ఇగ విను, మొన్న ఇక్కడ ఏమైందంటె..."

"వద్దు డాడీ" అంది బిడ్డ. "నాకేం చెప్పకు."

"ఎందుకు బిడ్డా?" అన్నాడు.

"నాకు తెలిస్తె నేను ఎవరికన్న చెప్త. నువ్వు ఏం చెప్పకు. నువ్వు మంచిగున్నవ్ గదా, చాలు."

ఫోన్ నా చేతిలో పెట్టి, బ్యాగు సర్దుకొని, నా కోసం ఆగకుండా సందులోకి నడిచిపోయింది. నేను ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాను. అటువైపు ఆయన ఇంకా ఉన్నాడు. ఇక్కడ ఎండలు ముదిరినయి అని చెప్పాను. అక్కడ చలి ఎట్లున్నది అని అడగబోయి, నోరు మూసుకున్నాను.